క్రాసు కుట్టు – కొన్ని మంచి అలవాట్లు

కుట్టుపనులన్నింటిలోను సులభమైనది ఏదని ఎవరైన అడిగినచో క్రాసు కుట్టు అని తడుముకొనకుండ చెప్పవచ్చును. గళ్ళు గల బట్టమీద ఒక గడి మూలనుండి ఎదుటి మూలకు ఒక గీత, దానిని ఖండించుచు మరియొక గీత, అంతే. బడిపిల్లలు లెక్కలలో వ్రాయు ఇంటూ గుర్తు ఎట్లుండునో అట్లే ఉండును. ఈ ఒక్క గుర్తును నేర్చినవారు దానితోనే చిలుకను కుట్టవచ్చును, తులసికోటను కుట్టవచ్చును, మామిడిపిందెల బారును కుట్టవచ్చును. ఐనను మన యిండ్ల పెట్టెలు తెరచి చూచినచో సగము కుట్టి విడిచిన నెమలియో, ఒక చెవి మాత్రమే వచ్చిన కుందేలో అడుగున మడతపడి కనిపించని యిల్లు అరుదు. ఇంత సులభమైన పని ఏల పూర్తికాదు?

మేము కొందరము వారమునకు రెండు మధ్యాహ్నములు ఒకచోట కూడి కుట్టుకొనువారము. మాలో పదునెనిమిదేండ్ల పిల్లలు కలరు, మనుమలను ఎత్తుకొన్నవారును కలరు. అందరి అనుభవమును కలిపి చూచుకొనగా మాకు తేలినది ఇది: ఈ పనిని విడిచినవారు కష్టమని విడువలేదు, విసుగుచే విడిచిరి. దారము చిక్కుపడును. లెక్క తప్పును. మెడ పట్టును. కన్ను లాగును. ఈ నాలుగును కుట్టులోనుండి వచ్చునవి కావు, మనము కూర్చుండు తీరునుండి, దారము కత్తిరించు తీరునుండి వచ్చునవి. కనుక ఈ దినము ఏ నమూనాను వర్ణింపక, అలవాట్లను గూర్చియే ముచ్చటింతుము.

ఈ కుట్టు ఏదో దొరలతో వచ్చిన పని యని కొందరు తలంతురు. పడకగది దిండుగలీబులపై ఇంగ్లీషులో ‘స్వీట్ డ్రీమ్స్’ అనియు, గుమ్మము పైని చట్రములో ‘వెల్‌కమ్’ అనియు కుట్టియుండుటచే ఆ తలంపు కలిగియుండవచ్చును. మన పొరుగున కన్నడదేశములో, ధారవాడ ప్రాంతమున, కసూతి యను కుట్టుపని తరతరములుగా ఉన్నది. అందులోని నాలుగు ముఖ్యమైన కుట్లలో ఒకటి ‘మెంతె’. మెంతిగింజవలె కనబడునని ఆ పేరు. అది మన క్రాసు కుట్టే. కసూతి పనివారికి ఒక నియమము కలదు: దారమునకు ముడి వేయరాదు. ఆ పనిలో గవంతి, ముర్గి అను కుట్లు బట్టకు రెండు ప్రక్కలను ఒక్కరీతిగా కనబడవలెను గదా. ముడి ఉన్నచో వెనుకప్రక్క చెడును. ఈ ముడి సంగతి మరల మనకు పనికివచ్చును. పాలస్తీనా స్త్రీలు తమ నల్లని నిలువుటంగీలపై ఎఱ్ఱని దారముతో ఈ కుట్టునే వేయుదురు. వారి కళను 2021లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఏ ఊరి పడుచుయో ఆమె అంగీపై పువ్వులను బట్టి పోల్చుకొనెడివారట.

ఇక పనిలోనికి వత్తము. మొదటి చికాకు సూది పట్టకమునుపే పుట్టును. అది లెక్క చూచుకొనకుండ నమూనాను ఎన్నుకొనుట. నమూనా గళ్ళకాగితముపై ఉండును. ఒక్కొక్క గడి ఒక్కొక్క కుట్టు. అడ్డముగా 140 గళ్ళు, నిలువుగా 140 గళ్ళు గల బొమ్మ చూచుటకు పెద్దదిగా తోచదు. బొమ్మ అంతయు నిండుగా కుట్టవలసివచ్చినచో కుట్లు 19,600. గంటకు నూరు కుట్లు పడినవనుకొన్నను 196 గంటలు. దినమునకు గంట చొప్పున, ఒక్క నాడును మానకుండ కుట్టినచో ఆరు మాసములు దాటును. ఇంటిలో పెండ్లిండ్లు, పిల్లల పరీక్షలు, చుట్టములు, జ్వరములు అన్నియు ఉండగా ఏ యిల్లాలికి వరుసగా ఆరు మాసములు దొరకును? కాబట్టి క్రొత్తగా ఆరంభించువారు 40 గళ్ళకు 40 గళ్ళు మించని బొమ్మను తీసికొనుట మేలు. అది 1,600 కుట్లు. అందులో ఖాళీ విడుచునది కొంత పోగా పక్షము రోజులలో చేతికి వచ్చును. మొదటి బొమ్మ పూర్తియైనపుడు కలుగు ధైర్యము రెండవదానికి పెట్టుబడి.

బట్ట కొనునపుడు రంగును చూచినంత శ్రద్ధగా గళ్ళను చూడవలెను. దుకాణములలో మ్యాటీ బట్ట, ఐడా బట్ట అని రెండు పేర్లతో అమ్ముదురు. ఐడా బట్టను అంగుళమునకు 11 గళ్ళు, 14 గళ్ళు, 16 గళ్ళు, 18 గళ్ళు అని లెక్క చెప్పి ఇత్తురు. పైన చెప్పిన 140 గళ్ళ బొమ్మయే 14 గళ్ళ బట్టపై సరిగా 10 అంగుళములు వచ్చును. 11 గళ్ళ బట్టపై పండ్రెండున్నర అంగుళములు దాటును. 18 గళ్ళ బట్టపై 8 అంగుళములకు లోపు. అంచులకు నలుప్రక్కల మూడేసి అంగుళములు విడువవలెను గనుక, 10 అంగుళముల బొమ్మకు 16 అంగుళముల బట్ట కావలెను. రెండంగుళములు పొదుపు చేసి, కడపట చట్రమునకు మడుచుటకు బట్ట చాలక చింతించువారిని మేము చూచుచుందుము. మ్యాటీ బట్ట చవుక. అయితే దానిని కొనునపుడు ఒక చిన్న స్కేలు సంచిలో ఉంచుకొనుడు. అడ్డముగా ఒక అంగుళములో ఎన్ని గళ్ళో, నిలువుగా ఎన్ని గళ్ళో రెండును లెక్కించుడు. ఈ రెండును సమానము కానిచో మీ చందమామ కోడిగ్రుడ్డగును. దుకాణదారుడు విసుగుకొన్నను ఫరవాలేదు.

ఇంటికి తెచ్చిన బట్ట అంచులు పోగులు ఊడకుండ వెంటనే కుట్టివేయవలెను. మిషను ఉన్నవారు వంకరటింకర కుట్టు ఒకటి వేయుదురు. లేనివారు చేతితో చుట్టుకుట్టు వేసినను చాలును. జిగురు కాగితమును అంటించు పద్ధతి మాకు నచ్చదు. కొన్నాళ్ళకు ఆ జిగురు బట్టలోనికి దిగి మరక కట్టును.

సూది మొన మొద్దుగా ఉండవలెను. గళ్ళబట్టకు రంధ్రములు ముందే ఉన్నవి. సూది దారి చేసికొననక్కరలేదు, ఉన్న దారిని పోయిన చాలును. వాడి సూది ఐనచో నూలు పోగును చీల్చుకొని పోయి, గడి మూల తప్పి, కుట్టు వంకరగును. పైగా వ్రేలిలో దిగును. సూదులకు అంకెలు ఉండును. అంకె పెరిగినకొలది సూది సన్నమగును. 14 గళ్ళ బట్టకు 24వ నంబరు, అంతకన్న సన్నని గళ్ళకు 26వ నంబరు అనుకూలము.

దారము విషయమున కొంచెము ఎక్కువసేపు నిలువవలసియున్నది. కుట్టుపనికి అమ్ము లడిలో సాధారణముగా 8 మీటర్ల దారము ఉండును. అది ఆరు పోగులు కలిసిన దారము. 14 గళ్ళ బట్టపై రెండు పోగులు, 11 గళ్ళ బట్టపై మూడు పోగులు వాడుట వాడుక. ఎంత పొడవు కత్తిరింపవలెను? మన పెద్దల కొలతయే దీనికి సరిపోవును: ఒక మూర. మోచేతినుండి నడివ్రేలి కొనవరకు, అనగా సుమారు 18 అంగుళములు. మాటిమాటికి సూదిలో దారము ఎక్కించుట బాధయని బారెడు దారము కత్తిరించువారు కలరు. ‘బద్ధకమునకు బారెడు దారము’ అని మాలో ఒకరు నవ్వుచుందురు. బారెడు దారము ప్రతి కుట్టునకు బట్టలోనుండి దూరివచ్చుటచే కొసకు చేరులోపల నలిగి, నూగు లేచి, మెరుపు పోగొట్టుకొనును. అదే పువ్వులో మొదటి రేకునకు, కడపటి రేకునకు తేడా తెలియును. ఇక చిక్కు సంగతి చెప్పనక్కరలేదు.

పోగులను విడదీయునపుడు రెండింటిని కలిపి లాగరాదు. కత్తిరించిన ముక్కను ఎడమచేతి వ్రేళ్ళ నడుమ వదులుగా పట్టుకొని, ఒక్క పోగును పైకి తిన్నగా లాగుడు. మిగిలినవి ముడుచుకొని కుప్పపడును, భయపడవలదు. ఆ పోగు పూర్తిగా వచ్చిన పిమ్మట సవరించినచో అవి యథాప్రకారము సాగును. ఇట్లు ఒక్కొక్కటిగా తీసిన రెండు పోగులను మరల జతపరచి సూదిలో ఎక్కింపుడు. ‘విడదీసి మరల కలుపుట ఎందుకు, ఊరక శ్రమ గదా’ అని అడుగుదురు. విడదీసిన పోగులలో పాత మెలిక పోయి, బట్టపై ప్రక్కప్రక్కన పడుకొని గడిని నిండుగా కప్పును. మెలికతో ఉన్నచో సన్నని త్రాడువలె నిలిచి, గడి మూలలలో బట్ట తెల్లగా కనబడును. కుట్టుచున్నపుడును దారము మెలికపడుచునే ఉండును. పది కుట్లకొకసారి సూదిని విడిచి బట్టనుండి వ్రేలాడనిండు. అది తనంతట తాను గిరగిర తిరిగి మెలికను విప్పుకొనును. పిల్లలు దీనిని చూచుటకు ఇష్టపడుదురు; మేమును ఇష్టపడుదుము.

ముడి సంగతి మరల వత్తుమంటిమి. ముడి వేసినచో ఇస్త్రీ చేసినపుడు బట్ట ముఖముపై చిన్న పొక్కువలె లేచును. పైగా గళ్ళబట్ట రంధ్రములలోనుండి ముడి ఎప్పుడో జారి ఇవతలకు వచ్చును. రెండు పోగులతో కుట్టువారికి ముడిలేని ఆరంభము మిక్కిలి సులువు. ఒకే పోగును రెండు మూరలు తీసికొని, సగమునకు మడిచి, రెండు కొసలను సూదిలో ఎక్కింపుడు. మడత ఉన్న చోట ఉచ్చువంటిది మిగులును. సూదిని క్రిందనుండి పైకి తెచ్చి, గడి ఎదుటి మూలలో క్రిందికి దింపి, వెనుక ఆ ఉచ్చులోనుండి దూర్చి మెల్లగా బిగింపుడు. అంతే. కొసను ముగించునపుడు వెనుకప్రక్క నాలుగైదు కుట్ల క్రిందుగా దారమును దూర్చి కత్తిరించిన చాలును. ఐతే ముదురు రంగు దారపు కొసను లేత రంగు కుట్ల క్రింద దూర్చకుడు. పైకి నీడవలె కనబడును. ఒక పువ్వునుండి దూరపు పువ్వునకు వెనుకనుండి దారమును ఈడ్చుకొనిపోవుటయు అట్టిదే. మూడు నాలుగు గళ్ళు దాటినచో దారమును కత్తిరించి క్రొత్తగా ఆరంభించుటయే మేలు.

చూపరులకు ఏమియో తెలియకనే ఒక పని చక్కగను, మరియొక పని మొద్దుగను తోచుటకు గల రహస్యము ఒకటి కలదు. ప్రతి కుట్టులోను పైనుండు గీత ఒకే దిక్కునకు వ్రాలవలెను. క్రింది గీత ఎడమ అడుగునుండి కుడి పైకి పోయినచో, పై గీత కుడి అడుగునుండి ఎడమ పైకి పోవును. బొమ్మ అంతట అట్లే ఉండవలెను. నూలు దారముపై వెలుతురు పడి ఒక వైపునకు మెరయును. కొన్ని కుట్లు ఇటు, కొన్ని అటు వ్రాలినచో ఒకే పచ్చరంగు రెండు పచ్చరంగులవలె కనబడును. దువ్వెన ఎదురుగా పెట్టిన తలవలె ఉండును. దీనికి తేలికైన ఉపాయము, ఒక వరుసలోని క్రింది గీతలన్నియు ఒకసారి వేసికొనిపోయి, తిరుగువరుసలో పై గీతలన్నియు వేయుట. విడివిడిగా ఉన్న కుట్లను మాత్రము అక్కడికక్కడ పూర్తిచేయవలెను.

ఇందులో ఒక మోసము దాగియున్నది. చేతికి అందుబాటుగా ఉండునని బట్టను పావువంతు ప్రక్కకు త్రిప్పి కుట్టినచో, చేయి పాత పద్ధతినే పోవును గాని గీతలు ఎదురు దిక్కునకు పడును. బట్టను పూర్తిగా తలక్రిందులు చేసినచో బాధలేదు; పావు త్రిప్పుటలోనే ఉన్నది చిక్కు. కావున బట్ట పై అంచున ఒక మూల రంగుదారముతో గుర్తు వేసికొని, కూర్చుండినప్పుడెల్ల ఆ గుర్తు ఎక్కడ ఉన్నదో చూచుకొనుట మా అలవాటు.

లెక్క తప్పకుండుటకు ఏమి చేయవలెను? బట్టను నాలుగు మడతలు వేసి నడిమి బిందువును గుర్తించి, బొమ్మ నడుమనుండి ఆరంభించినచో బొమ్మ ఒక ప్రక్కకు పోదు. నమూనాకాగితములపై పదేసి గళ్ళకు ఒక ముదురు గీత ఉండును. బట్టపైనను అట్లే పదేసి గళ్ళకు ఒకటి చొప్పున, మామూలు మిషను దారముతో నిలువుగను అడ్డముగను పెద్ద పెద్ద టాకాలు వేసికొనుడు. ఒక పూట పట్టును. ‘ఈ పూటలో నూరు కుట్లు వేసియుందుము గదా’ అనిపించును. ఆ పూట తరువాత ముప్పది పూటలను కాపాడును. ఏ కుట్టైనను తన పదిగళ్ళ యింటిలో ఉన్నదా లేదా అన్నది కంటితోనే తెలియును, మొదటినుండి లెక్కించనక్కరలేదు. పని అయిన పిమ్మట టాకాలు లాగివేయవచ్చును. ఆ దారము కుట్లలో చిక్కుకొనకుండ, కుట్టు దానిని గ్రుచ్చకుండ మాత్రము చూచుకొనవలెను. కుట్టిన గళ్ళను కాగితముపై పెన్సిలుతో గీయుచు పొండు. అసలు నమూనాపై గీయుటకు మనసొప్పనివారు దానిని చేతిఫోనులో ఫోటో తీసియో, నకలు తీయించియో వాడవచ్చును. ఫోను ఐనచో సన్నని గుర్తులను పెద్దవి చేసి చూచుకొను సౌకర్యమును కలదు.

ఇంత చేసినను లెక్క తప్పుట ఉండును. అప్పుడు విప్పవలెనా, మానవలెనా? ఆకు అంచున ఒక గడి ఎక్కువైనచో దానిని అట్లే ఉండనిండు. ఏ చెట్టున ఏ రెండాకులు ఒక్కరీతి ఉన్నవి? చిలుక కన్ను ఒక గడి జరిగినచో, లేదా చుట్టు అంచు బారు కలియకపోయినచో విప్పక తప్పదు. విప్పునపుడు ముఖముప్రక్కనుండి లాగకుడు. వెనుకనుండి చిన్న కత్తెరతో కుట్టును కత్తిరించి, ముక్కలను సూది మొద్దుమొనతో పైకి తీయుడు. విప్పిన దారమును మరల వాడరాదు. మరియు ఒక మాట: రాత్రి పొద్దుపోయిన పిమ్మట కనుగొన్న తప్పును ఆ రాత్రియే విప్పుటకు కూర్చుండకుడు. నిద్రకన్నుతో ఒక తప్పును దిద్దబోయి రెండు తప్పులు చేయుదురు.

కన్నుల మాట వచ్చినది. నలువది ఏండ్లు దాటినపిమ్మట చాలమంది స్త్రీలు సూదిపని మానివేయుదురు. ‘ఇక మాకు చూపు ఆనదమ్మా’ అందురు. ఇది మాకు మిక్కిలి బాధ కలిగించు మాట. ఆ వయసున దగ్గరిచూపు మందగించుట అందరికిని జరుగునదే. చదువుటకు అద్దములు పెట్టుకొనుటకు వెనుదీయనివారు కుట్టుటకు ఏల వెనుదీయవలెను? కంటివైద్యునికి చూపించుకొని, సూదిపని ఎంత దూరమున పట్టుకొని చేయుదురో ఆయనకు చెప్పి, దానికి తగిన అద్దములు వ్రాయించుకొనుడు. పుస్తకము పట్టు దూరము, బట్ట పట్టు దూరము ఒకటి కాకపోవచ్చును. ఇంటిపనులన్నియు ముగించి, తమకని ఒక గంట మిగుల్చుకొనగల వయసు అదియే. ఆ గంటను అద్దముల జత కొరకు పోగొట్టుకొనరాదు.

వెలుతురు పగటిపూట కిటికీనుండి వచ్చునదే ఉత్తమము. కుడిచేతివారికి ఎడమప్రక్కనుండియు, ఎడమచేతివారికి కుడిప్రక్కనుండియు రావలెను. లేనిచో మన చేతినీడ మన పనిపైననే పడును. రాత్రి పైకప్పు దీపము చాలదు, ప్రక్కన ఒక దీపము ఉండవలెను. నల్లని బట్టపై కుట్టువారు ఒడిలో తెల్లని తువ్వాలు పరచుకొనుడు. రంధ్రములగుండ ఆ తెలుపు చుక్కలు చుక్కలుగా కనబడి సూదికి దారి చూపును. ఇరువది నిమిషములకొకసారి తల యెత్తి వీధిలోని చెట్టునో, దూరపు మేడనో కాసేపు చూచుట కంటికి విశ్రాంతి. ఒడిలో దిండు పెట్టుకొని పనిని పైకి తెచ్చుకొనవలెను గాని, మెడను పనిపైకి వంచరాదు. అరగంటకొకసారి లేచి, పొయ్యిమీది పాలనైన చూచి రండు.

చేతులు కడుగుకొనుట చెప్పదగిన మాట కాదనుకొందురు. మన యింటి చేతులు ఎట్టివో మనకు తెలియును: వ్రేలికొనలకు పసుపు, తలనుండి కొబ్బరినూనె, ఎండాకాలమున చెమట. తెల్లని దారము ఒక్క వారములో ఊదారంగు తిరుగును. సబ్బుతో కడుగుకొని, పూర్తిగా తుడుచుకొని కూర్చుండుడు. కాఫీ గ్లాసును బట్టకు దూరముగా ఉంచుడు. పని ఆపునప్పుడెల్ల రింగు ఫ్రేమును ఊడదీయవలెను. బిగించి వదలినచో దాని గుండ్రని మడత ఉదుకునకు కూడ ఒక పట్టాన పోదు. సూదిని కుట్టుచున్న గడిలో గ్రుచ్చి విడువరాదు. సముద్రతీరపు ఊళ్ళలో, వానకాలమున, నాలుగు దినములు మఱచినచో సూది తుప్పు పట్టి అచ్చట గోధుమరంగు చుక్క పడును. ఆ చుక్క పోవుట కష్టము. సూదికి ఇల్లు సూదులదిండు. లేచుటకు ముందు సూదులు లెక్కించుకొనుడు. ఇంటిలో ప్రాకు పిల్లలు ఉన్నచో రెండుసార్లు.

దారములను సర్దుకొనుటకు పెట్టెలు కొననక్కరలేదు. ప్రతి యింటను పెండ్లి శుభలేఖలు కట్టలుగా ఉండును, వాని అట్ట దళసరి. దానిని జానెడు బద్దలుగా కత్తిరించి, అంచున రంధ్రములు పొడిచి, ఒక్కొక్క రంధ్రములో ఒక్కొక్క రంగు దారమును వ్రేలాడదీసి, ప్రక్కన దాని నంబరును, నమూనాలోని గుర్తును వ్రాసికొనుడు. లడి మీది కాగితపుచుట్టను మాత్రము పారవేయకుడు. నంబరు పోయినచో ఆ రంగును దుకాణములో కంటితో పోల్చి తెచ్చుట దాదాపు అసాధ్యము. పెద్ద కంపెనీల పట్టికలో వందలకొలది రంగులుండును, అందు ఎఱుపులే ఎన్నియో. బొమ్మ వెనుకటి నేలను నిండుగా కుట్టువారు ఆ రంగు లడులన్నియు ఒక్కసారిగా కొనవలెను. ఒకే నంబరైనను వేరువేరు సార్లు అద్దిన దారములలో కొంచెము తేడా ఉండవచ్చును, ఆ తేడా నడిబొమ్మలో చారవలె కనబడును.

సొంతముగా నమూనా వ్రాసికొనువారికి ఒక మాట. ఇంగ్లీషు పెద్దక్షరములు నిలువుగీతలు, అడ్డగీతలు గనుక ఏడు గళ్ళ ఎత్తులో కుదురును. మన తెలుగు అక్షరము గుండ్రన. దానిని ఏడు గళ్ళలో ఇరికించినచో ‘మ’ ఏదో ‘య’ ఏదో పోల్చుకొనలేము. అక్షరమునకు పదునైదు గళ్ళ ఎత్తైన ఇచ్చి, ఒత్తులకు క్రింద మరి ఏడు గళ్ళు విడిచి, వంపుల అంచున ఒక పోగుతో వెనుకకుట్టు వేసినచో గుండ్రనితనము వచ్చును. ‘స్వాగతం’ అని ఈ రీతిగా కుట్టినది గుమ్మముపై చూచినపుడు, ‘వెల్‌కమ్’కు కుట్లు తక్కువ పట్టునన్న సంగతి గుర్తునకు రాదు.

ఇది ఆడవారి పని మాత్రమేయని తలంచు ఇంటివారికి ఒక కథ చెప్పవచ్చును. కథ గాదు, జరిగినదే. రెండవ ప్రపంచయుద్ధములో అలెక్సిస్ కాస్దాగ్లి యను బ్రిటిష్ సైన్యాధికారి జర్మనుల చేతికి చిక్కి బందీశిబిరములో పడెను. పొద్దు గడుపుటకు 1941లో ఒక గుడ్డముక్కపై, పాత ఉన్ని చొక్కానుండి ఊడదీసిన దారముతో, తన పేరును, శిబిరమును, తేదీని తెలుపు క్రాసు కుట్టు పని చేసెను. చుట్టును చుక్కలు, గీతలు గల అంచు బారు వేసెను. కావలివారు చూచి సంతోషించి దానిని ప్రదర్శనకు కూడ పెట్టిరి. ఆ చుక్కలు, గీతలు ఊరక అలంకారము కావు. తంతివార్తలకు వాడు మోర్సు లిపిలో, తమ రాజును దేవుడు రక్షించుగాక అనియు, హిట్లరును గూర్చి ఇక్కడ చెప్పదగని ఒక తిట్టును అందులో ఉన్నవి! ఒక్కొక్క గడిని లెక్కించుచు ఆ తిట్టును కుట్టుచున్నపుడు ఆయనకు కలిగిన తృప్తిని ఊహించుకొనుడు. కనుక ఇంటిలోని మగపిల్లలు సూది అడిగినచో నవ్వకుండ ఇండు.

పూర్తియైన బట్టను ఉదుకకుండ చట్రము కట్టించువారు కలరు. చేతి జిడ్డు అప్పటికి కనబడకపోయినను ఏండ్లు గడచినపిమ్మట పసుపురంగుగా పైకి తేలును. ముందుగా ఎఱుపు, నలుపు, ముదురు నీలము దారములపై తడిపిన తెల్లగుడ్డను అద్ది చూడుడు. రంగు అంటనిచో చల్లని నీళ్ళలో మెత్తని సబ్బు కలిపి, బట్టను రుద్దక, పిండక, ముంచి తేల్చుడు. రంగు దిగుచున్నట్లు కనబడినచో కంగారుపడి ఎండలో వేయకుడు. ఆరినచో ఆ మరక నిలిచిపోవును. నీళ్ళు తేటపడువరకు చల్లని నీళ్ళను మార్చి మార్చి జాడింపుడు. తరువాత దళసరి తువ్వాలులో చుట్టి నీటిని పీల్పించి, నీడను ఆరబెట్టి, కొంచెము చెమ్మ ఉండగనే తువ్వాలుపై బోర్లవేసి వెనుకనుండి ఇస్త్రీ చేయుడు. ముఖముపై ఇస్త్రీపెట్టె పెట్టినచో కుట్లు అణగి చదునగును. దాచిపెట్టునది ఐనచో గంజి పెట్టవలదు. గంజికి పురుగు చేరును. మడవక గొట్టముపై చుట్టి ఉంచుడు.

మరియు, అడుగున ఒక మూల మీ పేరు మొదటి అక్షరమును, సంవత్సరమును కుట్టుడు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో జేన్ బాస్టాక్ అను ఆమె కుట్టిన గుడ్డ ఒకటి ఉన్నది. ఇంగ్లండులో తేదీతో దొరికిన నమూనాగుడ్డలలో అదియే మొదటిదని చెప్పుటకు వీలగుచున్నదనిన, ఆమె దానిపై 1598 అని కుట్టి యుంచుటచేతనే. అంకె ఒక్కొక్కటి మూడు గళ్ళ వెడల్పు, నడుమ ఒక్కొక్క గడి ఖాళీ. సంవత్సరమునకు మొత్తము పదునైదు గళ్ళ వెడల్పు, ఐదు గళ్ళ ఎత్తు చాలును. బట్ట నేలకన్న ఒక్క ఛాయ ముదురైన దారమును ఒకే పోగుతో వాడినచో బొమ్మకు అడ్డురాదు.